వేసవి విహారానికి లగ్జరీ రిసార్టు ఎంచుకోవడం: ఖాళీగా కూర్చోలేని జంటల కోసం

రిసార్టు వెతకడం చాలామంది ఫొటోలతో మొదలుపెడతారు. అంచు కనిపించని ఈతకొలను, మంచం మీద తువ్వాలుతో చేసిన హంస, అద్దాల గోడ అవతల పచ్చటి లోయ. నచ్చేస్తుంది, డబ్బు కట్టేస్తారు. మే నెలలో అక్కడ దిగాక ఒక్కొక్కటీ బయటపడుతుంది. కొండ మీదికి వెళ్లే దారిని అటవీ శాఖ మూసేసి ఉంటుంది. వాగులో మోకాలి లోతు నీళ్లుండవు. ఎనభై గదుల రిసార్టుకు చిన్న తెడ్డు పడవలు, అంటే కయాక్‌లు నాలుగే ఉంటాయి. టిఫిన్ ఏడున్నరకు గానీ మొదలవదు, అప్పటికి ఎండ నెత్తికెక్కుతుంది. రోజుకు పాతిక వేలు కట్టి ఏసీ గదిలో ఫోన్లు చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

నడక, ఈత, సైకిలు, డైవింగ్ ఇష్టపడే జంట వరస తిరగెయ్యాలి. ముందు పని, తర్వాత తేదీ, ఆ తర్వాత చోటు, దాని తర్వాత రిసార్టు. గది ఆఖర్న.

మొదటి అడుగు: ఇద్దరూ విడివిడిగా రాయండి

ఒకే కాగితం మీద కలిసి రాస్తే ఒకరు రాస్తారు, ఇంకొకరు తలూపుతారు. అందుకే చెరో కాగితం. దాని మీద మూడే విషయాలు: పొద్దున్న ఆరు నుంచి పది దాకా ఏం చేయాలనుంది, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఏం చేయాలనుంది, ఏది చస్తే చేయను. ఎండాకాలంలో ఒళ్లు అలసే పనికి ఆ రెండు వేళలే దొరుకుతాయి. మధ్యలో ఆరు గంటలు నీడ, తిండి, నిద్ర, స్పా.

ఎత్తులంటే భయం, మోకాలి నొప్పి, ఈత రాకపోవడం, ఉబ్బసం, చెవిలో పాత ఇన్ఫెక్షన్, అన్నీ ఇక్కడే బయటికి రావాలి. పడవ ఎక్కాక చెబితే లాభం లేదు. సిలిండరు గాలితో నీటి అడుగుకు దిగే స్కూబాకు ముందు ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపిస్తారు. ఉబ్బసం, గుండె, చెవి సమస్యల్లో దేనికైనా ‘అవును’ అని టిక్కు పెడితే డాక్టరు సంతకం కావాలి. దీవిలో ఆ సంతకం కోసం తిరగడంకన్నా ఇంటి దగ్గరే తెచ్చుకోవడం మేలు.

సత్తువ కొలుచుకోవడానికి మనవాళ్లకు చేతిలోనే ఒక కొలబద్ద ఉంది. అలిపిరి మెట్లు: 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఇద్దరూ నాలుగు గంటల్లోపు ఎక్కి, మర్నాడు మామూలుగా మెట్లు దిగగలిగితే కూర్గ్, చిక్కమగళూరు కొండల్లో ఓ మోస్తరు ట్రెక్ భయం లేకుండా పెట్టుకోవచ్చు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లకే ఆయాసం తీరకపోతే రెండు మూడు గంటల నడకతో సరిపెట్టుకోండి. ఇద్దరి సత్తువలో తేడా ఉంటే ప్రణాళిక ఎప్పుడూ తక్కువవాళ్లకు సరిపోవాలి. ఎక్కువ ఉన్నవాళ్లు తెల్లవారుజామున విడిగా ఒక పరుగు తీసి రావచ్చు. ‘కాస్త ఓపిక పట్టు, వచ్చేశాం’ అంటూ లాక్కెళ్లిన ట్రెక్కులే సెలవును పాడుచేస్తాయి.

రెండో అడుగు: తేదీ, ఎత్తు

సముద్ర మట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. విజయవాడ 43 డిగ్రీల్లో మాడుతున్న రోజున సుమారు 1,150 మీటర్ల ఎత్తున్న మడికేరిలో హాయిగానే ఉంటుంది గానీ మధ్యాహ్నం కొండెక్కేంత చల్లగా ఉండదు. మధ్యాహ్నం కూడా బయట తిరగాలంటే 1,800 మీటర్లు దాటాలి: కూనూరు, ఊటీ, కొడైకెనాల్, లేదా సుమారు 2,050 మీటర్ల మనాలి. ‘హిల్ స్టేషన్’ అన్న మాటను నమ్మకుండా ఎత్తు ఎంతో మీటర్లలో చూడండి.

తేదీ విషయంలో పిల్లల్లేని జంటలకు, పిల్లలు పెద్దవాళ్లైపోయిన జంటలకు ఒక వెసులుబాటు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ మధ్య అన్నీ కిక్కిరిసి ఉంటాయి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ 20 లోపు, అదీ ఆదివారం దిగి గురువారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే అదే గది తక్కువకు దొరుకుతుంది. అంతకన్నా పెద్ద లాభం, గైడు మీ ఇద్దరికే దొరుకుతాడు.

ఇక అసలు చిక్కు. దక్షిణాది అడవులకు ఫిబ్రవరి నుంచి మే దాకా కార్చిచ్చు కాలం. ఎండుగడ్డి, ఎండుటాకులు నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంటాయి. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కర్లు మంటల్లో చిక్కుకుని చనిపోయాక నియమాలు బిగిశాయి. వయనాడ్‌లో 2,100 మీటర్ల చెంబ్రా శిఖరం దారిని ఎండలు ముదిరితే మూసేస్తారు. కర్ణాటకలోనూ అంతే. అక్కడి అటవీ శాఖ ట్రెక్కులకు టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మున్నార్ దగ్గరి ఇరవికుళం పార్కును వరయాడు (నీలగిరి కొండమేక) ఈనే కాలంలో, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మూసి సాధారణంగా ఏప్రిల్‌లో తెరుస్తారు. రిసార్టు వెబ్‌సైటులో ‘ట్రెక్కింగ్’ అని రాసి ఉన్నంత మాత్రాన మీరు వెళ్లే వారంలో ఆ దారి తెరిచి ఉంటుందని కాదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేదాకా డబ్బు కట్టకండి.

నీలగిరి, కొడైకెనాల్ వెళ్తే కారుకు ఈ-పాస్ కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఇది మొదలైంది. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలకే అనుమతి అని పరిమితి కూడా వచ్చింది. గది ఖాయం చేసుకుని పాస్ మరిచిపోతే కొండ కింద చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతారు.

మూడో అడుగు: ఏ పనికి ఏ చోటు

అన్నీ ఒకేచోట దొరకవు. ముఖ్యమైన పని ఒక్కటి ఎంచుకుంటే చోటు దానంతటదే తేలిపోతుంది.

నడక, సైకిలు, కాఫీ తోటలు కావాలంటే కూర్గ్. యవకపాడి దగ్గరి తమారా రిసార్టు నుంచి 1,748 మీటర్ల తడియాండమోల్ శిఖరం దారి దగ్గర. సిద్దాపుర వైపు ఎవాల్వ్ బ్యాక్ కాఫీ తోట మధ్యలో, చదునైన నేల మీద ఉంటుంది కాబట్టి సైకిలుకు అనువు. తాజ్ మడికేరి కొండవాలు మీద అడవిలో ఉంటుంది. అక్కడ రిసెప్షన్ నుంచి గదికి వెళ్లడమే ఒక చిన్న ఎక్కుడు, లేదంటే బగ్గీ. కూర్గ్‌లో రాఫ్టింగ్ (ఉరకలేసే నదిలో రబ్బరు పడవ మీద పోవడం) ఆశతో మాత్రం మేలో వెళ్లకండి. బారపోళె నది వానాకాలంలోనే పరుగెత్తుతుంది. అప్పుడు జలగలూ ఉంటాయి.

తెల్లనీటి రాఫ్టింగ్ కావాలంటే రిషీకేశ్. మంచు కరిగి గంగలో నీళ్లు పెరుగుతాయి. మనకు ఎండలు మండుతున్నప్పుడు అక్కడ నీళ్లు వణికిస్తాయి. పడవలో రిషీకేశ్ దాకా బ్రహ్మపురి నుంచి 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 24, కౌడియాలా నుంచి 36. మొదటిసారి వెళ్లేవాళ్లకు శివపురి సరిపోతుంది. కౌడియాలా పొడవునా వెళ్లాలంటే ఈత, అనుభవం రెండూ ఉండాలి. జూన్ చివర రాఫ్టింగ్ ఆపేసి సెప్టెంబరులో మళ్లీ తెరుస్తారు. అయితే రిషీకేశ్ ఊరు 400 మీటర్ల ఎత్తు కూడా ఉండదు, మే నెలలో మన ఊళ్లలాగే కాలుతుంది. అందుకే బస ఊళ్లో కాకుండా పైన వెతకాలి. నరేంద్రనగర్‌లోని ఆనంద రిసార్టు వెయ్యి మీటర్లు దాటిన ఎత్తులో ఉంది గానీ అది మొదట స్పా, ఆటలు తర్వాత. సింగ్‌థలీ దగ్గరి తాజ్ రిసార్టు గంగ ఒడ్డునే ఉంటుంది. చార్‌ధామ్ యాత్ర మొదలయ్యాక ఆ రోడ్డు మీద 30 కిలోమీటర్లకు రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ ఒక్క కారణంతోనే యాత్ర మొదలవకముందు వెళ్లడం మంచిది.

సముద్రం లోపలికి దిగాలంటే అండమాన్, అందులోనూ స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్. గడువు గుర్తుంచుకోండి: మే మూడో వారంలో నైరుతి రుతుపవనాలు ముందు అక్కడే దిగుతాయి. ఆ తర్వాత నీరు మసకబారుతుంది, అలలు లేస్తే ఫెర్రీలు రద్దవుతాయి. మార్చి, ఏప్రిల్ భేషైన కాలం. సరదాగా ఒక డైవ్ చాలనుకుంటే ఈత రాకపోయినా శిక్షకుడితో 12 మీటర్ల లోపు దించుతారు. 18 మీటర్ల ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కావాలంటే మూడు నాలుగు రోజులు, 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీటి మీద తేలి ఉండటం తప్పవు.

అక్కడ ఫొటోలు చేసే మోసం ఒకటుంది. తూర్పు ఒడ్డున ఉన్న రిసార్టులు ‘గది ముందే బీచ్’ అని చూపించే చిత్రాలన్నీ పోటు వేళ తీసినవి. పాటు వేళ నీరు వందల మీటర్లు వెనక్కి పోయి, పగడపు రాళ్లు, బురద తేలతాయి. కాలు పెట్టలేం, ఈదలేం. పడమటి ఒడ్డున రాధానగర్ బీచ్‌లో ఇసుక ఉంది, ఈతకు అనువు. అక్కడి తాజ్ ఎగ్జోటికా ధర ఎక్కువగా ఉండటానికి సగం కారణం ఆ ఒడ్డే. తూర్పు ఒడ్డున దిగితే మీ తేదీల పోటుపాట్ల వేళలు చూసుకోండి. రాత్రి మడ అడవుల్లో కయాకింగ్ చేసి నీళ్లలో మెరిసే వెలుగులు చూడాలనుంటే పంచాంగం తెరిచి అమావాస్య దగ్గరి రోజులు పట్టండి. పున్నమి వెన్నెల్లో ఆ మెరుపు కనిపించదు.

గుడ్డ రెక్కతో గాల్లో తేలే పారాగ్లైడింగ్ కావాలంటే హిమాచల్‌లో బీర్-బిల్లింగ్. సుమారు 2,400 మీటర్ల ఎత్తు నుంచి ఎగిరి, అక్కడికి దాదాపు వెయ్యి మీటర్ల దిగువన నేలకు దిగుతారు. జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ప్రభుత్వమే నిషేధిస్తుంది.

లేహ్‌ను మూడు రాత్రుల ట్రిప్పులో పెట్టకండి. ఊరే 3,500 మీటర్లు. విమానం దిగాక 48 గంటలు కదలకుండా ఉండాలి. అంటే మూడు రాత్రుల్లో రెండు మంచం మీదే పోతాయి. కనీసం ఆరు రాత్రులుంటేనే దాని గురించి ఆలోచించండి.

విదేశం అనుకుంటే మాల్దీవుల్లో మన వేసవి చివర వానలే గానీ, బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలోని హనిఫారు బేకు జూన్ నుంచి నవంబరు దాకా మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు మేతకొస్తాయి. అక్కడ స్కూబా నిషేధం, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి పైనే ఈదడం) మాత్రమే. రిసార్టుకు తీసుకెళ్లే సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) పగలే ఎగురుతుంది. మీ విమానం మాలేలో మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రాత్రి మాలేలోనే గడపాలి, రిసార్టులో కట్టిన రాత్రి వృథా. టికెట్టు కొనేముందే ఇది చూసుకోవాలి.

నాలుగో అడుగు: ఫోన్ చేయండి, రిజర్వేషన్‌కు కాదు, యాక్టివిటీ డెస్కుకు

ఇప్పటికి మీ దగ్గర మూడు నాలుగు రిసార్టుల పేర్లు మిగిలి ఉంటాయి. వాటిని వేరు చేసేది ఒక్క ఫోన్ కాల్. రిజర్వేషన్ వాళ్లకు గది అమ్మడం పని, ఏదడిగినా ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటారు. ట్రెక్కులు, ఆటలు చూసుకునే యాక్టివిటీ డెస్కుకు కలపమనండి. కొన్నిచోట్ల నేచురలిస్ట్ అంటారు. అలాంటి మనిషే లేడంటే జవాబు దొరికినట్టే.

సంభాషణ ఇలా సాగాలి.

‘మేం ఏప్రిల్ 14న వస్తున్నాం. ఆ వారంలో శిఖరం దారి తెరిచే ఉంటుందా?’

‘మామూలుగా ఉంటుంది మేడమ్.’

‘పోయినేడు ఏప్రిల్‌లో ఎన్నాళ్లు మూశారు? మూస్తే బదులు ఏ దారి చూపిస్తారు?’

ఈ రెండో ప్రశ్న దగ్గరే తేడా తెలుస్తుంది. పని తెలిసినవాడు ‘పోయినసారి రెండు వారాలు మూశారు, అప్పుడు ఎస్టేట్ లోపలే ఆరు కిలోమీటర్ల దారిలో తీసుకెళ్లాం, పొద్దున్న ఐదున్నరకు బయల్దేరాం’ అంటాడు. తెలియనివాడు ‘ఏదో ఒకటి అరేంజ్ చేస్తాం’ అంటాడు.

తర్వాత అడగాల్సినవి: గైడు మీ జీతగాడా, బయటి ఏజెన్సీ మనిషా? ఒక గైడుకు ఎంతమంది? ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా? కయాక్‌లు, సైకిళ్లు ఎన్ని, గదులెన్ని? పది గదులకు రెండు కయాక్‌లుంటే పర్వాలేదు, ఎనభై గదులకు నాలుగుంటే పొద్దున్న వరసలో నిలబడాలి. సైకిలు గేర్లదా, ఫ్రేము ఏ సైజులు? ఆరడుగుల మనిషికీ ఐదడుగుల మనిషికీ ఒకే సైజు ఇస్తే అరగంటలో నడుము పట్టేస్తుంది. పొద్దున్న ఎన్నింటికి మొదలుపెడతారు? ‘ఎనిమిదికి’ అంటే ఏప్రిల్‌లో అది ఆలస్యమే.

బయటి ఏజెన్సీ అయినా తప్పేం లేదు, రాఫ్టింగ్, పారాగ్లైడింగ్‌లో అదే మామూలు. కాకపోతే రాష్ట్ర పర్యాటక శాఖ దగ్గర నమోదు ఉందా, పైలట్‌కు లైసెన్సు ఉందా అని అడగాలి. రాఫ్ట్ వెనక రక్షణ కయాక్ వస్తుందా అన్నదీ అడగాలి. స్కూబాకైతే డైవింగ్ శిక్షణ సంస్థలైన పాడీ లేదా ఎస్ఎస్ఐ గుర్తింపు, ఒక శిక్షకుడికి ఎంతమంది, పడవలో ఆక్సిజన్ సిలిండరు ఉందా. ఈ ప్రశ్నకు విసుక్కున్నవాళ్ల పడవ ఎక్కకండి.

ఆఖరి ప్రశ్న: దగ్గరి ఆస్పత్రి ఎన్ని నిమిషాలు? కిలోమీటర్లు కాదు, నిమిషాలు. ఘాట్ రోడ్డు మీద 20 కిలోమీటర్లంటే ముప్పావు గంట.

మాట్లాడిన సంగతులన్నీ ఆ సాయంత్రమే ఒక మెయిల్‌లో రాసి పంపండి, ‘ఇలా అనుకున్నాం, సరేనని రాయండి’ అని. అందులో ఒక వాక్యం తప్పనిసరి: వాన, గాలి, ప్రభుత్వ ఆంక్షల వల్ల రిసార్టే రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా, లేక పోయినట్టేనా. దిగాక గొడవలు ఎక్కువగా దీని మీదే.

ఐదో అడుగు: తిండి వేళలు

సీపీ అంటే టిఫిన్ మాత్రమే. ఎంఏపీ అంటే టిఫిన్‌తోపాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. (ఈ ఏపీకీ మన ఏపీకీ సంబంధం లేదు, కడుపు నింపడంలో తప్ప.) బయట తిరిగే జంటకు ఎంఏపీ సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం ఏ తోటలోనో, పడవలోనో తింటారు. ఏపీ తీసుకుంటే డబ్బు కట్టాం కదా అని భోజనం వేళకు పరుగెత్తుకు రావాలి, లేదా వదులుకోవాలి.

ఐదున్నరకు బయల్దేరితే టిఫిన్ సంగతేంటి? ‘ప్యాక్డ్ బ్రేక్‌ఫాస్ట్’ ఇస్తామంటారు, తెరిస్తే చల్లారిన శాండ్‌విచ్, ఒక డబ్బా జ్యూసు. ముందు రాత్రే వంటగదికి చెప్పి ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, ఇడ్లీ, ఫ్లాస్కులో కాఫీ అడగండి. మంచి రిసార్టుకు ఇది పెద్ద పని కాదు. దీనికే నసిగితే మిగతావి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. మేలో వెళ్తే కొత్తావకాయ సీసా ఎలాగూ వెంట ఉంటుంది, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. చేతి బ్యాగులో నూనె పచ్చడి భద్రతా తనిఖీ దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆరో అడుగు: ఇప్పుడు గది

అలసి వచ్చేవాళ్ల గదికి కావలసినవి వేరు. తడి బట్టలు ఆరేసుకునే బాల్కనీ, కనీసం ఒక తీగ. రెండు జతల బురద బూట్లు బయట పెట్టుకునే చోటు. తొట్టికన్నా ధారగా పడే షవరు ముఖ్యం. వేడినీళ్లు సోలార్‌వైతే వాన పడ్డ మర్నాడు గోరువెచ్చనే. గీజరు విడిగా ఉందా అని అడగండి.

మంచం గురించి కూడా అడగాలి. ‘కింగ్ బెడ్’ అన్నవాటిలో చాలా భాగం రెండు సింగిల్ పరుపులు జోడించినవి, అర్ధరాత్రి మధ్యలో లోయ ఏర్పడుతుంది. ‘ఒకే పరుపు కావాలి’ అని మెయిల్‌లో రాయండి.

పడమటి వైపు అద్దాల గోడ ఫొటోలో సూర్యాస్తమయానికి బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం మీరు నిద్రపోయే వేళకు అదే పొయ్యి అవుతుంది. తూర్పు, ఉత్తరం చూసే గదులు అడగండి. 1,500 మీటర్లు దాటిన చోట ఏసీ లేకపోయినా ఫరవాలేదు గానీ ఫ్యాను ఉండాలి. సొంత ప్లంజ్ పూల్‌కు రాత్రికి ఎనిమిది, పది వేలు ఎక్కువ పెట్టేముందు దాని పొడవు అడగండి. మూడు మీటర్లదైతే అది మునగడానికే, ఈదడానికి కాదు. ఈత మీ వ్యాయామమైతే పెద్ద కొలను 20 మీటర్లకు తగ్గకుండా ఉందా, పొద్దున్న ఆరుకే తెరుస్తారా అన్నది ముఖ్యం. చాలా చోట్ల ఏడు తర్వాతే.

ఏడో అడుగు: బిల్లు మీరే వేసుకోండి

తెర మీద కనిపించే రేటు అసలు ఖర్చులో దాదాపు సగమే. ఒక ఊహా లెక్క చూద్దాం, మూడు రాత్రులకు. గది రాత్రికి రూ. 22,000 అనుకుంటే 66,000. రాత్రికి రూ. 7,500 దాటిన గదులకు జీఎస్టీ 18 శాతం, అంటే 11,880. మొత్తం 77,880. ఎంఏపీ కింద ఇద్దరికీ రోజుకు 3,500 చొప్పున 10,500, పన్నుతో 12,390. విమానాశ్రయం నుంచి రానుపోను కారు 9,000. ట్రెక్, సైకిళ్లు, కయాక్‌లు, గైడు కలిపి 12,000. ఇద్దరికీ ఒక్కో మసాజ్ పన్నుతో 11,800. అన్నీ కలిపితే రూ. 1,23,070. రాత్రికి ఇరవై రెండు వేలు అనుకున్నది నలభై ఒక్క వేలైంది.

అందుకే యాక్టివిటీలు కలిపి ఇచ్చే రిసార్టు గది ముప్పై వేలన్నా ఒక్కోసారి చవకే. పోల్చేటప్పుడు గది రేట్లను పోల్చకండి, ఈ ఆఖరి అంకెలను పోల్చండి.

మాల్దీవుల్లో రాత్రికి 500 డాలర్ల గదికి 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 17 శాతం పర్యాటక పన్ను (2025 జూలై నుంచి), ఆపైన రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను. ఇద్దరికి 667 డాలర్లు దాటుతుంది, సీప్లేన్ కాకుండానే.

బీమా విషయం తేలిగ్గా తీసుకోకండి. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి. రాఫ్టింగ్, స్కూబా, పారాగ్లైడింగ్ పేర్లు పాలసీ కాగితంలో కనిపించాలి, స్కూబాకైతే ఎంత లోతు దాకా అన్నది కూడా.

ఎనిమిదో అడుగు: రోజులు పంచడం

మొదటి రోజు పెద్ద పని పెట్టకండి. హైదరాబాద్ నుంచి విమానం, ఆపై నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు. దిగాక సాయంత్రం ఒక గంట నడక, ఈత చాలు. పెద్ద ట్రెక్ లేదా డైవ్ రెండో రోజు పొద్దున్న. మూడో రోజు తేలికైనది, సైకిలో కయాకో. మసాజ్ రెండో రోజు సాయంత్రం పెట్టండి. ట్రెక్‌కు ముందు రాత్రి గట్టి మసాజ్ చేయించుకుంటే పిక్కలు పొద్దునకు బరువెక్కుతాయి.

డైవింగ్ చేస్తే ఆఖరి రోజు నీళ్లకు దూరం. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరస రోజుల డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ సమయం కావాలి. లేకపోతే ఎత్తుకు వెళ్లేసరికి బుడగలై కీళ్లు పట్టేస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. పూర్తి రోజు వదిలేయడమే సుఖం. ముందురోజు డైవింగ్ చేసినవాళ్లు మర్నాడు ఎత్తైన కొండకు వెళ్లడం కూడా ఇలాంటిదే.

ఎండలో నడిచేటప్పుడు మనిషికి గంటకు అర లీటరు నీళ్లు లెక్క. ఓఆర్ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే పూర్తిగా కలపాలి, సగం ప్యాకెట్టు చిన్న సీసాలో ఊహగా కలపకండి. రోహిణీ కార్తెలో వెళ్తే తొమ్మిదిన్నరకల్లా నీడకు చేరాలి. చెమట ఆగిపోవడం, మాట తడబడటం, తల తిరగడం కనిపిస్తే అక్కడే ఆగి నీడలో పడుకోబెట్టి మెడ, చంకలు తడపాలి, ఆస్పత్రికి కబురు పెట్టాలి. కొత్త బూట్లతో ట్రెక్‌కు వెళ్లకండి, కనీసం రెండు వారాలు ఊళ్లో వేసుకుని తిరగండి. బొబ్బ లేస్తే రెండో రోజు పోయినట్టే.

దిగిన తొలి గంట

స్వాగత పానీయం అందగానే గదిలోకి వెళ్లిపోకండి. యాక్టివిటీ డెస్కు దగ్గరికెళ్లి మర్నాటి గైడు పేరు, బయల్దేరే వేళ, వాతావరణ సూచన అడగండి. సైకిళ్ల బ్రేకులు నొక్కి చూడండి, టైర్లలో గాలి చూడండి. హెల్మెట్ పట్టీ బిగించి తల ఊపితే కదలకూడదు. లైఫ్ జాకెట్ వేసుకుని బకిళ్లన్నీ పెట్టుకున్నాక, భుజాల దగ్గర పట్టుకుని మీ వాళ్లను గట్టిగా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచి వస్తే మీ సైజు కాదు, నీళ్లలో పడ్డప్పుడు తల మీదుగా జారిపోతుంది. ఇంకోటి అడిగి తీసుకోండి.